నేను కొట్టేసిన పున్నములు

మనుషుల్ని నడిపించడం నా ఉద్యోగం. ఈ మాట చెప్పినప్పుడు మా చుట్టాల్లో కొందరు నేను విరిగిన కాళ్లకు కట్లు కడతాననుకున్నారు. కొందరు అంగన్‌వాడీ అనుకున్నారు. మా నాన్న పనిచేసే షిప్పులో ఒక పెద్దాయన మాత్రం కాసేపు ఆలోచించి, "కాళ్లున్నోడు నడుస్తాడు, లేనోడు కూకుంటాడు. మద్దెన నీకు జీతమెందుకమ్మా?" అని అడిగాడు. ఆయనకు నేను ఇప్పటిదాకా సమాధానం చెప్పలేదు. మా ప్రాజెక్టు కాగితాల్లో వెతికాను, అక్కడా లేదు.

విశాఖపట్నంలో ప్రజారోగ్యం చదువుకుని, పోర్ట్ బ్లెయర్ తిరిగొచ్చి, కొత్తగా పరిశోధకురాలినైన రోజులవి. మెడలో కార్డు, కార్డు మీద నా ఫోటో, దాని కింద శారీరక చురుకుదనం విభాగం అని అక్షరాలు. ఆ కార్డు వేసుకుని, గోల్ ఘర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి నుంచి నడిస్తే పావుగంట పట్టే ఆఫీసుకి రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. మా ఊళ్లో చదునుగా ఉండేది కేరమ్ బోర్డు ఒక్కటే, మిగతాదంతా ఎక్కుడూ దిగుడూనే. చెమటలు కక్కుతూ ఆఫీసుకెళ్తే ఆరోగ్యం గురించి చెప్పే మనిషిలా కనిపించను కదా.

మా సార్ మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్ద పరిశోధకుడు. నడక గురించి ఆయనకు తెలియనిది లేదు. ఎంత తెలుసంటే, ఇక నడవాల్సిన అవసరం ఆయనకు కనిపించేది కాదు. గెస్ట్ హౌస్ మెట్ల దగ్గరికే కారు వచ్చేది. "కూర్చోవడం కొత్త రోగం" అని ఆయన మాకు గంటన్నర సేపు కుర్చీలో కూర్చుని చెప్పారు. మేమూ కూర్చునే రాసుకున్నాం.

ఇంటర్వ్యూలో ఈ రంగం ఎందుకు ఎంచుకున్నావని అడిగితే సమాజమనీ సేవనీ ఏవేవో చెప్పాను. అందరూ చెప్పేదే చెప్పాను, అందుకే ఉద్యోగం వచ్చింది. అసలు కారణం మా నాయనమ్మ మోకాళ్లు.

సునామీ నాటికి మేం లిటిల్ అండమాన్‌లో, హట్ బేలో ఉండేవాళ్లం. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వెనకాలే వచ్చి అక్కడ ఆగిపోయాడు. మావాళ్లలో పెద్దవాళ్లని గౌరవించడమంటే కదలనివ్వకపోవడం. నాయనమ్మ బిందె ముట్టుకుంటే అమ్మ లాక్కునేది. గుమ్మం దాటితే నాన్న కేకలేసేవాడు. "మా అత్తని కూకోబెట్టి సూస్తన్నాను" అని అమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది, నలుగురూ మెచ్చుకునేవారు. అలా మెచ్చుకోలు మీద మెచ్చుకోలు పొందుతూ నాయనమ్మ మంచానికీ గుమ్మానికీ మధ్య మనిషైపోయింది. వొళ్లు పెరిగింది, షుగర్ వచ్చింది, మోకాళ్లు పోయాయి. మా అంత బాగా అత్తగారిని చూసుకున్న ఇల్లు ఆ వీధిలో లేదు.

ఆ ఆదివారం పొద్దున పున్నమి. నాన్న చీకటితోనే బోటు మీద వెళ్లిపోయాడు. భూమి ఊగింది, ఇంట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయి. కాసేపటికి ఒడ్డు వైపు నుంచి "పానీ ఆ రహా హై, భాగో" అని కేకలు. నాకు పదకొండేళ్లు. అమ్మ ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో నాయనమ్మనీ పట్టుకుని లోపల గుట్ట వైపు పరిగెత్తింది. సగం దూరంలో నాయనమ్మ దారి మీద కూర్చుండిపోయింది. "కూకోకత్తా, లెగు" అని అమ్మ అరవడం నాకు గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది గుట్ట మీద చెట్టు వేరు, దాన్ని పట్టుకున్న నా చేతులు. నాయనమ్మ లేదు.

ఏం జరిగిందో అమ్మే చెప్పేది. నాయనమ్మే చెయ్యి విడిపించుకుని, "గుంటని తీసుకుని ఎల్లిపోయే" అందని. గుంటంటే మావాళ్లలో ఆడపిల్ల, నేను. నష్టం రాసుకోవడానికొచ్చిన ఆఫీసర్‌కి అలాగే చెప్పింది, సాయంత్రానికి తిరిగొచ్చిన నాన్నకీ అలాగే చెప్పింది. బోటులో ఉన్న నాన్నకి అల పెద్దగా తెలియనే లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు పోయి, సముద్రం మీద ఉన్నవాళ్లు మిగిలిన రోజది. ఆ తర్వాత కొన్నాళ్లు రేకుల షెడ్డు, ఆ తర్వాత పోర్ట్ బ్లెయర్. నాన్న బోటు మానేసి షిప్పులో పనికి చేరాడు. నెలలో సగం రోజులు ఏ దీవి దగ్గరున్నాడో మాకు తెలిసేది కాదు.

నేను చదువు ముగించుకుని వచ్చేసరికి అమ్మ అచ్చం నాయనమ్మలా తయారై ఉంది. అదే వొళ్లు, అదే షుగర్, గుమ్మంలో అదే కూర్చోవడం. డాక్టర్ "నడవాలమ్మా, ఇలాగే ఉంటే ఇంక కొన్నేళ్లకి నడవలేవు" అన్నాడు. అమ్మ తల ఊపి, ఆటోలో ఇంటికొచ్చింది. ఊరందరి సంగతీ నాకనవసరం. అమ్మ మోకాళ్లు నాయనమ్మ మోకాళ్లు కాకూడదు, అంతే. ఊళ్లో వాళ్లందరి చేతా నడిపించడానికి జీతం తీసుకుంటూ మా అమ్మ చేత వంటింటి నుంచి కొళాయి దాకా నడిపించలేకపోయాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని నాలాంటి వాళ్లని చూసే అని ఉంటారు.

ప్రాజెక్టు ఇది. సునామీ తర్వాత వేరే దీవుల నుంచి వచ్చి పోర్ట్ బ్లెయర్‌లో స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లని నడకకి అలవాటు చెయ్యాలి. ఎక్కడ నడిపించాలన్నది సార్ కారులోంచే నిర్ణయించారు. మిన్నీ బే. సముద్రం వెంట చదునైన రోడ్డు, చల్లటి గాలి, ఫోటోల్లో బాగా వస్తుంది. సముద్రం అత్తని, కొడుకుని, ఇంటిని తీసుకుపోయిన ఆడవాళ్లని ఆరోగ్యం కోసం సముద్రం పక్కన నడిపించాలన్న ఆలోచన మా గదిలో పదకొండు మందికీ చాలా నచ్చింది. నాకూ నచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్లలో అల చూసినదాన్ని నేనొక్కదాన్నే, ముందు చప్పట్లు కొట్టిందీ నేనే.

పోస్టర్ కూడా మెయిన్‌లాండ్ నుంచే వచ్చింది. పరిగెడుతున్న మనిషి, వెనకాల నీలంగా పెద్ద అల. కింద తెలుగులో నాలుగు లైన్లు. మా కాలనీల్లో పెద్దవాళ్లకి చదువు రాదు, పిల్లలు హిందీ చదువుతారు, తెలుగు అక్షరాలు ఎవరూ పట్టించుకోరు. బొమ్మ మాత్రం అందరికీ అర్థమైంది. మర్నాడు పొద్దున్నే ఒక ముసలామె నా స్కూటీకి అడ్డం వచ్చి, "దీదీ, ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది.

"ఏమిటి?"

"పానీ. గోడకి అతికించినారు కదా. పరిగెత్తమని."

అప్పటికే రెండిళ్ల వాళ్లు బట్టలు మూటగట్టుకుని కొండ మీది చుట్టాలింటికి వెళ్లిపోయారు. మా ప్రాజెక్టు మొత్తంలో మనుషులు నిజంగా కదిలింది ఆ ఒక్క రోజే. సార్‌కి చెబితే, ప్రచారం జనంలోకి వెళ్లిందన్నమాట అన్నారు. పోస్టర్లు మాత్రం నేనే చీకటి పడకముందే చింపేశాను.

ఆ తర్వాత ప్రశ్నల కాగితం. "గత ఏడు దినములలో తమరు శ్రమతో కూడిన వ్యాయామము ఎంత సేపు చేసితిరి?" అని ఉంది అందులో. ఎవరు రాశారో గాని ఆయన ఏ జెట్టీకీ వెళ్లి చేపలు కొన్న మనిషి కాదు. నేను దాన్ని మా భాషలోకి దించి, "ఎక్సర్‌సైజ్ కర్తే క్యా, పిన్నీ?" అని అడిగేదాన్ని. పొద్దున జెట్టీలో చేపలెత్తుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, అబర్డీన్ బజార్ దాకా ఎక్కి, అమ్మి, మిగిలినవి వీధి వీధీ తిప్పి, ఖాళీ తట్టతో ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్న ఆమె నవ్వి, "ఎక్సర్‌సైజా! మాకెక్కడ టైమ్ హై అమ్మా?" అంది. లేదు అనే గడిలో టిక్కు పెట్టాను. ఆమెని చలనం లేని జీవనం అనే వరసలో చేర్చాను. మర్నాడు జెట్టీలో కనబడి, నిండు తట్ట నెత్తికెత్తడానికి కాస్త సాయం పట్టమంది, ఆ తట్ట నాకు లేవలేదు.

ఇంతమంది కావాలని లెక్క ఉంది, అంతమంది దొరకలేదు. అందుకని అమ్మని కూడా చేర్చేశాను. అది తప్పని నాకు తెలుసు. తప్పని తెలిసి చేసే పనులు పరిశోధనలో ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి నిద్ర బాగానే పట్టింది.

అందరికీ నడుముకి తగిలించుకునే చిన్న డబ్బీ ఒకటి ఇచ్చాం. ఎన్ని అడుగులు వేస్తే అన్నీ లెక్కపెడుతుంది. మావాళ్లు దాన్ని మీటరు అన్నారు. అమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర నేనే తగిలించి, "రోజూ పొద్దున నాతో మిన్నీ బే రా" అన్నాను.

"నాను రానే. మోకాలు నొప్పి."

"చదును రోడ్డమ్మా."

"సదునైతే మరీ రాను" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. మొండితనమనుకున్నాను. మా రంగంలో దానికి ప్రేరణ లోపం అని పేరుంది.

మిన్నీ బేకి ఆడవాళ్లెవరూ రాలేదు. మేం ఆరుగురు ఆఫీసు వాళ్లం, కొత్త బూట్లతో, ఒకరి ఫోటోలు ఒకరు తీసుకుంటూ నడిచాం. మూడో రోజు సార్ కూడా వచ్చారు. కారు వెనకాలే మెల్లగా వచ్చింది.

నెలలు గడిచాక మీటర్ల లెక్కలన్నీ కంప్యూటర్లో చేర్చే పని నాది. లెక్కల్ని శుభ్రం చెయ్యడం అంటారు దాన్ని. నమ్మబుద్ధి కానివి ఏరి పారేస్తే మిగిలినదాన్ని నిజం అంటాం. అమ్మ వరస చూశాను. రోజూ అడుగులు బొత్తిగా తక్కువ, గుమ్మం, వంటిల్లు, కొళాయి. మధ్యమధ్యలో మాత్రం ఒకటి రెండు రోజులు మామూలు కన్నా ఐదారు రెట్లు. మళ్లీ రెండు వారాలు ఏమీ లేదు. మళ్లీ అలాగే. చూడగానే అర్థమైంది నాకు. ఎవరికో ఇచ్చింది.

"మీటరు ఎవరికిచ్చావు?" అని ఆ సాయంత్రమే నిలదీశాను.

"ఎవలికీ ఇవ్వనేదు."

"ఇవ్వకపోతే ఇన్ని అడుగులెక్కడివి? నువ్వు నడిచావా?"

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. "ఏమో. నీ మీటరు, నీ లెక్క."

"నాతో అబద్ధాలాడకమ్మా. నా ఉద్యోగమిది. నువ్వు నడవకపోతే నడవకు, ఇలా మోసం చెయ్యకు" అన్నాను. మోసం అనే మాట అన్నాను మా అమ్మని. ఆమె చేట పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజులన్నీ ఒక్కొక్కటే కొట్టేశాను. అమ్మ వరస ఇప్పుడు చక్కగా, నున్నగా, నేననుకున్నట్టే ఉంది. అలా ఉంటే పరిశోధకులకి ప్రాణం లేచొస్తుంది.

అదే వారంలో ఆఫీసు వాళ్లు నా డిగ్రీ అసలు కాగితం అడిగారు. ఇల్లంతా వెతికాను. "బేగ్‌లో ఉంది, రేపిస్తాను" అంది అమ్మ. ఏ బేగ్ అంటే చెప్పలేదు. మర్నాడు తెచ్చిచ్చింది, ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి, ఉప్పుగాలికి కూడా తడవకుండా. నా చదువంటే ఎంత ప్రేమో అనుకుని సంబరపడ్డాను. ఆఫీసు పనవగానే మళ్లీ తీసేసుకుంది.

ఒక రోజు ఆఫీసుకెళ్లాక ల్యాప్‌టాప్ వైరు మర్చిపోయానని గుర్తొచ్చి తొమ్మిది దాటాక ఇంటికొచ్చాను. తాళం వేసుంది. మోకాళ్ల నొప్పి మనిషి ఎక్కడికెళ్లిందో తెలియక కంగారుపడ్డాను. ఎదురుగా కిరాణా కొట్టు. మా జిల్లా వాళ్లే, మూడు తరాల నుంచి ఇక్కడున్నారు. కొట్టులో కూర్చునే భయ్యా నన్ను చూసి, "ఆంటీ ఊపర్ గయీ కదా దీదీ. టాంకీ దగ్గర" అన్నాడు.

"టాంకీ దగ్గరా? ఎందుకు?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఆజ్ పూనమ్ హై నా. పున్నమి."

మా సందులో అందరికీ తెలుసు. కిరాణా భయ్యాకి తెలుసు, పాలవాడికి తెలుసు, చివరింటి బెంగాలీ ఆమెకి తెలుసు. తెలియనిది ఇంట్లో ఉండి నడక మీద పరిశోధన చేస్తున్న మనిషికి.

మా ఇంటి వెనక గుట్ట మీద నీళ్ల టాంకీ ఉంది. మెట్లు కొన్ని, తర్వాత మట్టి దారి, నిట్టనిలువు. సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. మెడలో కార్డు అటూ ఇటూ కొట్టుకుంటోంది, తీసి జేబులో పెట్టుకున్నాను. పైన టాంకీ నీడలో అమ్మ నిలబడి ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. భుజానికి రెగ్జిన్ బేగ్. ముఖమంతా చెమట. నన్ను చూసి, దొంగతనంలో పట్టుబడినట్టు బేగ్‌ని వెనక్కి దాచుకోబోయింది.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"ఏటీ నేదు. గాలికొచ్చాను."

బేగ్ లాక్కుని చూశాను. రేషన్ కార్డు, ఈ దీవులవాళ్లమని చూపే ఐలాండర్ కార్డులు, టార్చిలైటు, రెండు బిస్కెట్ పేకెట్లు, నీళ్ల సీసా, షుగర్ మాత్రలు. అడుగున ప్లాస్టిక్‌లో చుట్టిన నా డిగ్రీ. మనుషుల్ని నడిపించడానికి నాకిచ్చిన పట్టా ప్రతి పున్నమికీ మా అమ్మ భుజాన గుట్ట ఎక్కుతోంది.

అమ్మ కింద సముద్రం వైపు చూపించింది. ఒడ్డుకి కాస్త దూరంలో నల్లరాయి ఒకటి నీళ్లలోంచి కనబడుతోంది. "పున్నమికీ అమాసకీ పోటు ఎక్కువ. అది పున్నమినాడే వచ్చింది. ఆ రాయి తల అవుపించినంతసేపూ బయం నేదు. మునిగితే మరి సూసుకోవాల. పోటు ఇరిగినాక దిగిపోతాను."

చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి. పోటూ పాటూ ఆమెకి గడియారం. ఎప్పుడు ఎక్కాలో, ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు దిగాలో అన్నీ లెక్క ప్రకారం. ఎన్నేళ్ల నుంచి అని అడిగాను. పోర్ట్ బ్లెయర్ వచ్చినప్పటి నుంచీ అంది. నాన్నకి తెలుసంది. "సముద్రం కేలెండర్ సూసుకుని వస్తదేటే పిచ్చిదానా" అని నవ్వేవాడట. అందుకే ఇంకెవరికీ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా? మోసం అన్నాను నిన్ను."

అమ్మ రాయి వైపే చూస్తోంది. తర్వాత నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"మీ నాయినమ్మ సెయ్యి ఇడిపించుకోనేదే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అత్త నా సెయ్యి గట్టిగా అట్టుకుంది. రెండు సేతుల్తో. లెగమంటే లెగలేకపోయింది. నువ్వొక పక్కన ఏడస్తన్నావు. నీరు అవుపిస్తంది. నానే ఇదిలించుకున్నాను. సెయ్యి నానే ఒదిలీసాను."

కింద ఏదో బండి హారన్ కొట్టుకుంటూ ఎక్కుతోంది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటో కన్నీళ్లో నేను చూడలేదు.

"మళ్లీ వస్తే నాను కూకుండిపోతాను. అప్పుడు నువ్వు నా సెయ్యి ఒదలాల. నీకు రాదే ఆ పని. నీకు రాకూడదు. అందుకే ఎక్కతన్నాను. నా కాళ్ల మీద నానెక్కగల్నా నేదా అని సూసుకుంతన్నాను."

నేను ఏడ్చాను. ఎందుకేడ్చానో చెప్పడానికి కష్టం లేదు. నాయనమ్మ కోసం కొంచెం, అన్నేళ్లు ఆ అబద్ధాన్ని ఒంటరిగా మోసిన అమ్మ కోసం చాలా, ఆమె గుట్ట ఎక్కిన ప్రతి రోజునీ ఒక మీట నొక్కి కొట్టేసిన నా తెలివి కోసం ఇంకా చాలా. అమ్మ మీద కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆ రోజు ఆమె రెండో చేతిలో ఉన్నది నేను.

పోటు విరిగాక ఇద్దరం దిగాం. మా వంటింట్లో తెలుగు కేలెండర్ వేలాడుతుంది. పున్నమికి తెల్ల గుండ్రం, అమావాస్యకి నల్ల గుండ్రం. దాన్ని ముందు పెట్టుకుని నేను కొట్టేసిన రోజుల్ని సరిచూశాను. ప్రతి గుండ్రానికీ ఒకటి, పక్కన అనుమానానికి ఇంకొకటి. ఒక్కటి తప్పలేదు. మా ప్రాజెక్టు మొత్తంలో అంత క్రమంగా, అంత కారణంతో నడిచిన మనిషి ఇంకెవరూ లేరు.

అన్నీ మళ్లీ ఎక్కించాను. కారణం రాయాల్సిన గడిలో పున్నమి అని రాశాను. సార్ పిలిచి, "ఇదేమిటి, వ్రతమా?" అన్నారు. మొత్తం చెప్పలేదు, చెప్పగలిగినంత చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, "ఒక్క మనిషి. పైగా మీ అమ్మగారు. అసలు ఆవిణ్ణి చేర్చడమే తప్పు" అని మొత్తం వరసే తీసేశారు. ఆయన చెప్పింది రూలు ప్రకారం రైటు. మా సార్‌తో వచ్చిన చిక్కే అది, ఆయన ఎప్పుడూ రైటే. నివేదిక వచ్చింది. అట్ట మీద మిన్నీ బే, మేం ఆరుగురం, కొత్త బూట్లు. లోపల, సునామీ బాధిత కుటుంబాల స్త్రీలలో నడక పట్ల ఆసక్తి గాని, ప్రేరణ గాని కనబడలేదని తేల్చాం. తేల్చినవాళ్లలో నా పేరు మూడోది.

అమ్మ షుగర్‌కి మాత్రం పున్నమితో పని లేదు. నెలలో నాలుగైదు రోజులు ఎక్కితే అది లొంగదు. డాక్టర్ మళ్లీ అదే మాటన్నాడు. రోజూ ఎక్కవే అమ్మా అంటే, "రోజూ ఎందుకు? రోజూ పున్నమేటి?" అంది.

అప్పుడు నేనొక పని చేశాను. మనుషుల్ని భయపెట్టి అలవాట్లు మార్చకూడదని మా పుస్తకాల్లో పెద్ద అధ్యాయమే ఉంది, పరీక్షలో దాని మీద నాకు మంచి మార్కులొచ్చాయి.

"నాన్న అన్నది నిజమేగా అమ్మా" అన్నాను. "సముద్రం కేలెండర్ చూసుకుని వస్తుందా?"

అమ్మ నా వైపు తేరిపార చూసింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ చూపుకి నాకు సిగ్గేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"రాదు" అంది చివరికి.

మర్నాడు ఆరు గంటలకే నన్ను తట్టి లేపింది. భుజాన బేగ్ ఉంది. ఆ రోజు అష్టమి, కేలెండర్లో ఏ గుండ్రమూ లేదు. స్కూటీ తాళాలు మేకుకే వదిలేసి ఆమె వెనకాల బయల్దేరాను. మెట్లు అయిపోయి మట్టి దారి మొదలైంది. అమ్మ ఆగి ఆగి, గాలి పీల్చుకుంటూ, ఎక్కడ కాలు పెట్టాలో ముందే తెలిసినట్టు ఎక్కుతోంది. నేను కుర్చీల్లో కూర్చుని నడక నేర్చుకున్నదాన్ని. నిట్టనిలువు దగ్గర పిక్కలు పట్టేశాయి, గుండె చెవుల్లో కొట్టుకుంది. ఒక్క నిమిషమే అనుకుని దారి మధ్యలో కూర్చుండిపోయాను.

ముందు పోతున్న అమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది. బేగ్ జారుతున్నా పట్టించుకోకుండా గబగబా దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

"కూకోకే" అంది. "లెగు."

లేచాను.